మీ ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకుంటారు?

మా మేనత్త దగ్గరికి కంప్యూటరు కట్టించుకోవడానికి ఎవరు వచ్చినా, బేరం కంటే ముందు, కుర్చీ చూపించడం కంటే ముందు ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే. "మీ ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకుంటారు?"

కొందరు తడబడుతూ చెప్పేవారు. కొందరు పొరపాటున ఇంకో దుకాణంలోకి వచ్చామేమోనని బయటికి వెళ్లి బోర్డు చదువుకుని వచ్చేవారు. కొత్తగా పెళ్లయిన ఒకాయన చెవులదాకా ఎర్రబడి, "అది కూడా చెప్పాలాండీ?" అన్నాడు.

"చెప్పకపోతే పవర్ సప్లై ఎలా ఎంచమంటావయ్యా?" అంది అత్త, తప్పంతా అతనిదే అన్నట్టు.

పవర్ సప్లై అంటే కంప్యూటరు పెట్టెలో ఓ మూల కూర్చుని మిగతావాటన్నిటికీ కరెంటు వడ్డించే డబ్బా. దానికీ ఒక ఫ్యాను ఉంటుంది. పని ఎక్కువైందంటే ఆ ఫ్యాను రొద మొదలుపెడుతుంది. అందుకని సరిగ్గా సరిపోయే డబ్బా అడిగినవాడికి అత్త ఎప్పుడూ దానికి రెట్టింపుది అంటగట్టేది. "నాలుగు మూటలు మోసేవాడి నెత్తిన రెండే పెట్టు, కిక్కురుమనడు. నాలుగూ పెట్టావంటే వీధంతా వినేలా మూలుగుతాడు" అనేది.

మినహాయింపులూ ఉండేవి.

"పక్కగదిలో మా తాతగారు పడుకుంటారండీ."

"గురక పెడతారా?"

"గోడలు అదిరిపోతాయి."

"అయితే చిన్నది చాలు. ఆయన ముందు ఇదెంత!"

ఇక తీగల సంగతి. పెట్టెలో తీగలు అడ్డదిడ్డంగా ఉంటే గాలి ఆడదు, గాలి ఆడకపోతే వేడెక్కుతుంది, వేడెక్కితే ఫ్యాన్లు అరుస్తాయి. కాబట్టి ప్రతి తీగా వెనక పలక చాటుకి పోవలసిందే, ప్లాస్టిక్ టైతో కట్టించుకోవలసిందే, టై చివర మిగిలిన తోక కటింగ్ ప్లేయరుతో కత్తిరించుకోవలసిందే. తీగ లాగితే డొంకంతా కదిలిందంటారు. మా అత్త కట్టిన పెట్టెలో తీగ లాగితే ఆకు కూడా కదలదు.

అక్కడితో ఆగితే అది పనితనం. అత్త ఆగేది కాదు. వేలాడేది ఏది కనబడినా ఆవిడ వేళ్లు ఊరుకునేవి కావు. కర్టెన్ల తాళ్లు, ఎదుటివాళ్ల బూటు లేసులు, పోస్టాఫీసులో పెన్నుకి కట్టిన దారం, అన్నీ చుట్టలు చుట్టుకునేవి. ఒకసారి ఆస్పత్రిలో ఎవరినో పలకరించడానికి వెళ్లి, మాటల్లోనే ఆయన సెలైన్ గొట్టాన్ని మూడు మడతలు పెట్టి మంచానికి కట్టేసింది. నర్సు పరుగెత్తుకొచ్చింది.

"ఎవరమ్మా ఈ పని చేసింది?"

"నేనే. బాగుంది కదూ!" అంది అత్త, సంబరంగా.

ఆ తర్వాత ఆ వార్డులోకి వెళ్లేటప్పుడు అత్త చేతులు నేను పట్టుకోవాలని షరతు పెట్టారు.

బడి మధ్యలో మానేసిన దగ్గర్నుంచి నేను అత్త దుకాణంలోనే పని చేస్తున్నాను. నలుగురిలో నాకు నోరు పెగలదు. అక్కడ ఆ అవసరమూ పడేది కాదు, అందరి మాటలూ అత్తే మాట్లాడేది. కట్టిన పెట్టెను పరీక్షించడం మాత్రం మామయ్య వంతు. భోజనమయ్యాక ఆయన చాప వేసుకుని పడుకునేవాడు. తలగడ పక్కన పెట్టె పెట్టి ఆన్ చేసేవాళ్లం. మామయ్య లేచాడా, పెట్టె ఫెయిలు.

"ఈయన మెలకువగానే ఉన్నాడే, కళ్లు మూసుకుని నటిస్తున్నాడు" అని అత్త అనుమానం.

"పరీక్ష జరిగేటప్పుడు మాట్లాడకూడదోయ్" అనేవాడు మామయ్య, కళ్లు తెరవకుండా.

అలాంటి రోజుల్లో వీడియోలు ఎడిటింగ్ చేసే అబ్బాయి ఒకడు వచ్చాడు. వాళ్ల పాత కంప్యూటరు కాలిపోయిందట. పెట్టెకి ముందువైపు అద్దం కావాలి, లోపల రంగురంగుల లైట్లు కావాలి అని వరస పెట్టాడు.

"అవి తర్వాత. ఎవరు ఎక్కడ పడుకుంటారు?"

"ఉన్నది ఒకటే గది ఆంటీ. అమ్మ రాత్రంతా పేపరు ప్రెస్సులో పని చేస్తుంది. పగలు పడుకుంటుంది. ఆ పక్కనే నేను పని చేసుకుంటాను."

అత్త కళ్లు మెరిశాయి. "పగలు పడుకునే మనిషి! ఒకటే గది! అమ్మాయ్, ఇవాళ ఇంకెవర్నీ లోపలికి రానివ్వకు."

ఆవిడ జీవితంలో అంత గొప్ప పెట్టె కట్టలేదు. పవర్ సప్లై మూడు రెట్లు పెద్దది. తీగ అన్నది ఒక్కటి కనబడితే ఒట్టు. లైట్లు నిద్రకి శత్రువులని అసలు పెట్టనేలేదు. మామయ్య సాయంత్రందాకా పడుకుని, లేచి, "ఇంతకీ ఆన్ చేశారా?" అని అడిగాడు. అత్త కళ్లు తుడుచుకుంది.

మర్నాడు అబ్బాయి ఫోను చేశాడు. "ఆంటీ, పెట్టె చచ్చిపోయినట్టుంది."

"తెర మీద బొమ్మ వస్తోందా?"

"వస్తోంది."

"మరేమిట్రా?"

"చప్పుడు లేదు."

"ఒరే నాయనా, ఇంతకంటే పెద్ద మెప్పు నాకు ఈ జన్మలో దొరకదు!" అని అత్త ఫోను పెట్టేసి అందరికీ టీ పోయించింది.

వారం తిరిగేసరికి ఆ పెట్టెను చంటిపిల్లలా ఎత్తుకుని అబ్బాయి మళ్లీ వచ్చాడు. వెనక వాళ్లమ్మ. ఆవిడ కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఇది వెనక్కి తీసుకోండి ఆంటీ. ఇది వచ్చిన దగ్గర్నుంచి అమ్మకి కంటిమీద కునుకు లేదు. నిన్న ప్రెస్సులో మిషను పక్కన నిలబడే తూగిందట. చెయ్యి అందులో పడేదే. ఇంకోసారి అలా కనబడితే పనిలోకి రావద్దన్నారు. నేనే ఈ ఎడిటింగ్ మానేస్తాను."

"నువ్వూరుకోరా" అంది వాళ్లమ్మ. "వాడి పని మానిపించకండి వదినగారూ. వయసు మీద పడి నిద్ర పట్టట్లేదేమో నాకు."

అత్తకి పౌరుషం పొడుచుకొచ్చింది. "నా పెట్టె నిద్ర చెడగొట్టిందా? ఎక్కడో దుమ్ము పట్టి గీరుకుంటోంది, అంతే. అమ్మాయ్, బ్లోయరు అందుకో!"

దుమ్ము ఊదే ఆ బ్లోయరు ఆన్ చేస్తే పక్క దుకాణంవాళ్లు కూడా మాటలు ఆపేస్తారు. అత్త దాన్ని పెట్టెలోకి గురిపెట్టి హోరుమని ఊదుతోంది. నేను అలవాటు ప్రకారం మనుషుల్ని చూస్తున్నాను. స్టూలు మీద కూర్చున్న వాళ్లమ్మ గోడకి తల ఆనించి, నోరు తెరిచి, హాయిగా నిద్రపోతోంది.

అత్త కొంగు పట్టి లాగి చూపించాను. అత్త బ్లోయరు ఆపింది.

"ఏమైంది?" అంటూ వాళ్లమ్మ ఉలిక్కిపడి లేచింది.

అత్త ఆన్ చేసింది. ఆవిడ తల వాలిపోయింది. ఆపింది. "ఏమైంది?" ఆన్. నిద్ర.

"ఏదీ, మళ్లీ ఓసారి!" అన్నాడు మామయ్య ఉత్సాహంగా. అత్త మళ్లీ ఆపింది.

"చాలు అత్తా! ఆవిణ్ణి పడుకోనివ్వు!" అని అరిచాను. అందరూ నావైపు తిరిగారు. నా గొంతు అంత ఉందని నాకూ అప్పుడే తెలిసింది. సిగ్గు ముంచుకొచ్చినా, బ్లోయరు మళ్లీ మోగేసరికి ఆ హోరులోనే అబ్బాయిని అడిగేశాను. "మీ పాత కంప్యూటరు చప్పుడు చేసేదా?"

"విమానంలా!" అని అరిచాడతను.

రాత్రంతా ప్రెస్సు హోరు, పగలంతా విమానం. ఏళ్ల తరబడి ఆ జోలపాట వింటూ నిద్రపోయిన మనిషికి మేం నిశ్శబ్దం కట్టి పంపించాం.

అత్త పెట్టెని తన ముందుకి లాక్కుంది. బ్లోయరు నా చేతికిచ్చి, ఆడిస్తూ ఉండమని సైగ చేసింది. ఘనమైన ఆ పవర్ సప్లై ఊడదీసి, సరిగ్గా సరిపోయేది బిగించింది. రెండు తీగల కట్టల్ని ముందుకి లాగింది. చివరికి ఒక టైకి తోక కత్తిరించకుండా, అది ముందు ఫ్యాను రెక్కకి తగిలేలా వంచింది. సొంత పన్ను పీక్కుంటున్నట్టుంది ఆవిడ మొహం. ఆన్ చేయగానే పెట్టె టర్రుమంది. అత్త పెట్టెకి చెవి ఆనించి, ఆ తోకని అటూ ఇటూ జరిపి శ్రుతి చేసింది. పరీక్ష కోసం చాప మీద పెట్టెకి తల ఆనించి పడుకున్న మామయ్య చటుక్కున లేచి కూర్చున్నాడు.

"ఫెయిలు!"

"మీకు కాదులెండి" అంది అత్త.

బ్లోయరు ఆపాను.

వాళ్లమ్మ కదల్లేదు. పెట్టె టర్ర్‌మంటోంది, ఆవిడ దానికి తాళం వేసినట్టు చిన్నగా గురక పెడుతోంది. అబ్బాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. తర్వాత అక్కడే నేల మీద కూర్చుని, పెట్టెకి మా తెర తగిలించుకుని తన వీడియో పని మొదలుపెట్టాడు.

అత్త మునివేళ్ల మీద వెళ్లి దుకాణం తలుపు దగ్గరగా వేసింది. పెట్టెల మీద కప్పే మెత్తటి గుడ్డ తెచ్చి వాళ్లమ్మ కాళ్ల మీద కప్పింది. దుకాణం పేరున్న స్టిక్కరు మాత్రం ఆ పెట్టె మీంచి జాగ్రత్తగా పీకేసింది. కాసేపు బుద్ధిగా కూర్చుంది. ఆ తర్వాత అత్త చెయ్యి మెల్లగా బల్ల మీద పాకడం చూసి, ముందే నేను కటింగ్ ప్లేయరు లాక్కుని దాని మీద కూర్చున్నాను.

"ఇటివ్వవే."

"ఇవ్వను."

"ఫ్యానుకి తగిలేది కాదే, దాని పక్క టైకి రవ్వంత తోక మిగిలింది. ఒక్కటే!"

"అత్తా!"

అత్త రెండు చేతులూ తన ఒళ్లో పెట్టుకుని, వేళ్లలో వేళ్లు గట్టిగా చిక్కించుకుంది. వాళ్లమ్మ లేచేదాకా ఆవిడ అలాగే ఉంది. నేనూ ఆ కటింగ్ ప్లేయరు మీదే ఉన్నాను. గుచ్చుకుంటోందని ఎవరికీ చెప్పలేదు.