మూడో ప్రశ్నకు చుట్టం

వరంగల్ మిరపకాయల వ్యాపారి పాండురంగం సేటుకు మూడు ప్రశ్నలు చాలు. మొదటి ప్రశ్నకు ఎదుటివాడు పరాయివాడు, రెండో ప్రశ్నకు తెలిసినవాడు, మూడో ప్రశ్నకు చుట్టం. నాలుగో ప్రశ్న దాకా తప్పించుకున్న మనిషి ఆ జిల్లాలో లేడు.

ఈ సంగతి తెలియక కిషన్ రావు ఎనభై రెండులో ఒక ఆదివారం డోర్నకల్‌లో ప్యాసింజరు ఎక్కాడు. ఆయన రైల్వే గుమాస్తా, పుస్తకాల పురుగు. పురాణాల్లోని పెద్ద యుద్ధాలన్నీ చుట్టాల మధ్యే జరిగాయని చదివి తెలుసుకుని, రైలు మారడానికే తప్ప ఎవరూ ఆగని ఊరు కదా అని బదిలీ అడిగి మరీ డోర్నకల్ వచ్చిన మనిషి. నెలకోసారి వరంగల్ వెళ్లి లైబ్రరీలో పుస్తకాలు మార్చుకోవడం ఒక్కటే ఆయన వ్యసనం.

కేసముద్రంలో తెల్లటి ధోవతి మీద ఎర్రటి మరకలతో ఒక నిలువెత్తు మనిషి ఎక్కాడు. ఆయన కూర్చోగానే పెట్టెలో సగంమంది తుమ్మారు. వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్టు ఘాటు అంత తేలిగ్గా బట్టలను వదలదు.

"సారుది ఏ ఊరు?"

కిషన్ రావు పుస్తకం దించకుండానే జనగామ అన్నాడు.

"అమ్మగారి తల్లిగారిల్లు?"

"పాలకుర్తి."

"పాలకుర్తిల ఏ వాడ?"

వదిలించుకుందామని ఆ వాడేదో చెప్పేశాడు. పాండురంగం తొడ చరిచాడు. ఆయన మేనత్త కాపురం చేసింది అదే వాడలోనట. పక్కపక్క ఇళ్లన్నాక కిషన్ రావు తల్లిని ఆమె చెల్లే అని పిలవకుండా ఉండదట. మేనత్త చెల్లెలూ మేనత్తే. మేనత్త కొడుకు బావ.

కులాలు వేరు కదండీ అని కిషన్ రావు గొణిగాడు.

"కులం ఎవలడిగిన్రు బావా? నేను ఊరి వరుస చెప్తాన."

ఊరి వరుసకు ఎదురు లేదు. పల్లెల్లో ఏ కులంవాళ్లయినా ఒకరికొకరు బాబాయో, అక్కో, వదినో అయి తీరాలి. కాకపోతే మిగతావాళ్లు ఆ వరుసను ఊరి పొలిమేర దాటనివ్వరు. పాండురంగం దానికి రైలు టికెట్టు కొనిపెట్టాడు.

వరంగల్ స్టేషన్లో అసలు ముచ్చట మొదలైంది. "పోయొస్త అత్తా, పోయొస్త తమ్మీ" అంటూ పెట్టెలో కొత్తగా చుట్టాలైన పద్నాలుగు మందికీ విడివిడిగా చెప్పాడు. గార్డు జెండా పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. ఆయనెప్పుడో తమ్ముడైపోయాడు. చెప్పకుండా కదలడం పాండురంగం ఎరగడు. ఇంట్లోంచి దుకాణానికి వెళ్లాలన్నా అరగంట ముందు నుంచీ చెప్పడం మొదలుపెట్టేవాడు.

కిషన్ రావును వదలకుండా భోజనానికి లాక్కుపోయాడు. తలుపు తీసిన ఆయన భార్య అనసూయ ఎవరని అడగలేదు. ఏ వరుస అని అడిగింది. బావ అనగానే, "అయితే నాకు అన్న. కాళ్లు కడుక్కో అన్నా, అన్నం చల్లారతది" అంది. ఆ ఇంట్లో రోజూ పదిమందికి ఎక్కువగానే ఎసరు పెట్టేవారట.

వడ్డిస్తూ ఆమె కూతురు అరుణ పెళ్లి సంగతి చెప్పింది. మంచి సంబంధం, అన్నీ కుదిరాయి. పెళ్లికొడుకు తండ్రి కాఫీ తాగుతుండగా ఈయన ఉండబట్టలేక మూడు ప్రశ్నలూ అడిగాడు. తీరా చూస్తే ఇద్దరూ అన్నదమ్ముల వరుస అయ్యారు. పెళ్లికొడుకు తండ్రి గ్లాసు కింద పెట్టి, అన్నదమ్ముల పిల్లలకు పెళ్లేమిటని లేచిపోయాడు. అనసూయ మూడు రోజులు పుట్టింటి వైపు ముసలమ్మలందరినీ కదిలించి, వాళ్లను బావాబామ్మర్దులను చేసే ఇంకో దారి పట్టుకుంది.

"తాళి కట్టేటప్పుడు మళ్ల నోరు తెరుస్తడేమోనని నోట్ల లడ్డు కుక్కిన అన్నా" అంది. పాండురంగం మురిసిపోతూ పెరుగు కలుపుకున్నాడు.

ఆ తర్వాత కిషన్ రావు రైలెక్కే ముందు మిరప ఘాటు ఏ పెట్టెలో ఉందో వాసన చూసి, పక్క పెట్టె ఎక్కేవాడు. అయినా నెలకోసారి దొరికిపోయేవాడు.

రెండేళ్లు గడిచాయి. అలా దొరికిపోయిన ఒక పొద్దున, నెక్కొండలో చిలుకమ్మ అనే కూలి మనిషి నెలలు నిండిన కూతురు భద్రమ్మను పొదివి పట్టుకుని ఎక్కింది. పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. సర్కారు దవాఖానకు తీసుకుపోతున్నానని, అల్లుడు బొగ్గుబాయి పనికి పోయాడని, టెలిగ్రాం ఇచ్చినా ఇంకా రాలేదని చిలుకమ్మ చెప్పింది.

పాండురంగం లేచి వాళ్లకు చోటిచ్చాడు. ఇచ్చి, "నీ తల్లిగారిల్లు ఏడ అవ్వా?" అన్నాడు. ఇప్పుడు కూడానా అని కిషన్ రావుకు ఒళ్లు మండింది.

"నాకు తల్లిగారిల్లు లేదయ్యా. అన్నదమ్ముల్లేరు. నలభై ఏండ్ల సంది నాకు తల్లిగారి చీరె పెట్టినోడే లేడు."

మూడో ప్రశ్న రాలేదు. వరంగల్ దాకా పాండురంగం నోరు విప్పకపోవడం కిషన్ రావు అదే మొదటిసారి చూడటం.

పాండురంగం వాళ్లను దవాఖానకు తీసుకెళ్తూ కిషన్ రావునూ వెంట లాక్కుపోయాడు. అక్కడ ఆపరేషన్ అన్నారు. రెండు సీసాల రక్తం కావాలన్నారు. తల్లిది పరీక్ష చేసి, ఈమెకే ఎక్కించాల్సేటట్టు ఉందని నర్సు పెదవి విరిచింది. రక్తసంబంధీకులు ఇంకెవరన్నా ఉన్నారా అని అడిగింది. చిలుకమ్మ గోడకు జారగిలబడింది.

"నేనున్న. ఈమె అన్నను" అన్నాడు పాండురంగం.

నర్సు ఆయన ధోవతిని, చిలుకమ్మ చిరుగుల చీరెను మార్చి మార్చి చూసింది. "అన్న ఎట్లయినవ్ సేటూ?"

"ముందుగాల రక్తం తీస్కో బిడ్డా. వరుస తర్వాత చెప్త."

ఆయనది సరిపోయింది. రెండో సీసాకు ఆయన తల తిప్పి చూశాడు. "బావా" అన్నాడు. అంతే అన్నాడు. చుట్టాల పోరు పడలేక డోర్నకల్ పారిపోయిన కిషన్ రావు చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"బావది రక్తసంబంధం ఎట్లయితది?" అంది నర్సు.

"మేనబావ గద తల్లీ" అన్నాడు పాండురంగం పడుకున్నచోటి నుంచే.

కిషన్ రావుదీ సరిపోయింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. బయట బెంచీ మీద కూర్చున్నాక కిషన్ రావు ఉండబట్టలేక అడిగాడు. సాయం చేయదలచుకుంటే చేయొచ్చు కదా, ఈ వరుసల గోలెందుకని.

పాండురంగం చెయ్యి ఒత్తుకున్నాడు. "పరాయోడు ఇస్తే ధర్మమంటరు బావా. తీసుకున్నోళ్లు మల్ల మన మొఖం దిక్కు చూడలేరు. అన్న పెట్టిండనుకో, అది హక్కు. మంచిగ లేకుంటె తిట్టొచ్చు గూడ."

పొద్దుటి నుంచి చిలుకమ్మ ఆయనను అయ్యా అనే అంటోంది. దూరంగా నిలబడే దండం పెడుతోంది. కిషన్ రావు చూపు అటు పోయింది. పాండురంగం కూడా అటే చూసి, తల దించుకుని, దవాఖాన గేటు దాకా ఎదురైన ప్రతి మనిషికీ పోయొస్తానని చెప్పుకుంటూ వెళ్లాడు.

ఇరవై ఒకటో రోజున పిల్లను తొట్టెలలో వేశారు. భద్రమ్మ మేనమామ లేనిదే ఎట్లా అని పాండురంగం అనసూయతో, కిషన్ రావుతో నెక్కొండ పక్కనున్న ఆ పల్లెకు వెళ్లాడు. భోజనాలకు ముందే వాడంతటితో చుట్టరికం కలిపేశాడు. అందరి ముందూ చిలుకమ్మ చేతిలో చీరె పెట్టాడు.

చిలుకమ్మ మడత విప్పింది. వెలుతురుకు పట్టి చూసింది. అంచు నలిపి చూసింది. వాడ వాడంతా చూస్తోంది. అందులో ఒక్కరికీ ఆ చీరె ఖరీదు అందేది కాదు. ఆమె ఏడుస్తుందేమో, కాళ్ల మీద పడుతుందేమో అని కిషన్ రావు చూపు మరల్చుకున్నాడు.

"గిదేం రంగే అన్నా, బూడిద రంగు? నలభై ఏండ్లకు పెట్టక పెట్టక గిది పెడ్తవా? నాకద్దు. పండు మిరపకాయ రంగు తేపో."

వాకిలంతా బిక్కచచ్చిపోయింది. అనసూయ ఒక్కతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పాండురంగం ముఖం వెలిగిపోయింది. చీరె లాక్కుని భుజాన వేసుకున్నాడు. కుడి చెప్పులో ఎడమ కాలు దూర్చి, స్టేషన్ బాట పట్టి, దుకాణాలు మూసేలోగా వరంగల్ చేరాలన్నట్టు గబగబా నడిచిపోయాడు. వాకిట్లో ఆయన చుట్టాలు ఎంత లేదన్నా అరవై మంది ఉన్నారు. ఒక్కరికీ పోయొస్తానని చెప్పలేదు.