‘మేం’ అంటే ఎవరు?

మూడేళ్ళుగా నేను రాసిన అర్జీలన్నీ ఒకే చప్టా గురించి. ఒక్కదానికీ మనిషి నోటి నుంచి సూటి జవాబు రాలేదు. మొన్నటి అర్జీకి మాత్రం ఫోనుకు మెసేజి వచ్చింది: ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని. చదివి, చెప్పులు చేత్తో పట్టుకుని డొంకలోకి వెళ్ళి చూసొచ్చాను. చప్టా పగిలింది పగిలినట్టే ఉంది. ఎవరు పరిష్కరించారో, ఎక్కడ పరిష్కరించారో ఆ మెసేజిలో లేదు. అందుకే ఈసారి అర్జీ ఫారం పక్కన పెట్టి ఇలా రాస్తున్నాను.

పర్చూరు దాటాక మా ఊరు, నేలంతా నల్లరేగడి. ఊరి నుంచి చేలకు వెళ్ళే మట్టిబాటను డొంక అంటాం. డొంక మధ్యలో చిన్న వాగు. దాన్ని దాటడానికి వేసిన సిమెంటు చప్టా ఒక వానాకాలం వరదకు పగిలి సగం కొట్టుకుపోయింది. అవతలి ఒడ్డున నా మిరపచేను ఉంది. చప్టా లేకపోతే ట్రాక్టరు దాటదు, కూలీల ఆటో దాటదు. కూలీలు రాకపోతే పండిన కాయ చెట్టు మీదే తెల్లబడి తాలుకాయ అవుతుంది. గుంటూరు మిర్చి యార్డులో తాలుకాయ బస్తా విప్పి చూసేవాడుండడు. నాకు కావలసిందల్లా ఆ చప్టా.

మా మండల పరిషత్ అధ్యక్షుడు మా ఊరివాడే. పదో తరగతి దాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. పరీక్షల ముందు నా జామెట్రీ బాక్సు తీసుకుని తిరిగివ్వలేదు. అది వేరే సంగతి, మరిచిపోలేదని చెప్పడానికి రాశాను. ఎన్నికల ముందు అతను వాగు దగ్గర మోకాలి లోతు బురదలో నా పక్కన నిలబడి, “ఇది మన డొంకరా, మనం బాగుచేసుకుందాం,” అన్నాడు. మనం అన్నాడు. ఆ మాటే పట్టుకుని ఇన్నాళ్ళూ ఉన్నాను.

ఫలితాలొచ్చాక చూస్తే ఏ పార్టీకీ సరిపడా సభ్యుల్లేరు. రెండు పార్టీలు కూర్చుని మాట్లాడుకున్నాయి. అధ్యక్ష పదవి మావాడికి, ఉపాధ్యక్ష పదవి అవతలి పార్టీ ఆయనకు అనుకున్నారు. పదవులతో పాటు ఊళ్ళు కూడా పంచుకున్నారని, ఎవరి వంతు ఊళ్ళో పనులు వాళ్ళే మంజూరుకు రాయాలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా ఊరు ఉపాధ్యక్షుడి వంతుకు పోయింది. మండలానికంతటికీ పెద్ద అయిన మనిషి మాట అతను పుట్టిన ఊళ్ళో చెల్లదు.

అదేమీ తెలియక, అతను కుర్చీ ఎక్కిన నెలకే ఆఫీసుకు వెళ్ళాను. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. మావాడు అర్జీ తీసుకుని, “కూర్చోరా. మేం చూస్తాం,” అన్నాడు. అటెండరు వైపు తిరిగి, “టీ తీసుకురావయ్యా,” అన్నాడు.

అటెండరు కదల్లేదు. ఉపాధ్యక్షుడి ముఖంలోకి చూశాడు. ఆయన ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు. అటెండరు గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయాడు.

“ఎప్పుడు చూస్తారు?” అన్నాను.

ఉపాధ్యక్షుడు తలెత్తకుండానే, “అధ్యక్షులవారు చూస్తామన్నారు కదండీ. ఇంకా నిలబడ్డారేం?” అన్నాడు.

మావాడు ఆయనతో కలిసి నవ్వాడు. ఆ టీ ఇవాళ్టికీ రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో తట్టింది. మనం కాస్తా మేం అయిపోయింది. మనంలో నేనున్నాను. మేంలో లేను.

నిరుడు కోతలప్పుడు కూలీల ఆటో వాగు దగ్గరే ఆగిపోయింది. ముఠా పెద్దామె దిగి బురదను ఎగాదిగా చూసింది. “ఏందయ్యా, కాయలు కొయ్యమంటావా, ఈత కొట్టమంటావా?” అంది. “పెసిడెంటు నీతో సదువుకున్నాడంటగా! తెచ్చి ఈడ అడ్డంగా పడుకోబెట్టు, మీదనించి దాటొస్తాం.”

ఆటోలో వాళ్ళంతా పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆటో వెనక్కి తిరిగి వేరే వాళ్ళ చేనుకు వెళ్ళిపోయింది. నేనూ మా ఆవిడా కోయగలిగినంత కోసి, బస్తాలు భుజాన వేసుకుని వాగు దాటించాం. కోయలేనిది ఎండలో తెల్లబడుతుంటే రోజూ చూశాం.

ఈ కార్తీకంలో ఒక సాయంత్రం మావాడు స్కూటరు మీద ఒక్కడే చేను దగ్గరికి వచ్చాడు.

“నా మీద కోపంగా ఉన్నావంటగా?”

“చప్టా సంగతి చెప్పు.”

“మనూరు వాళ్ళ వంతురా. నేను రాస్తే వాళ్ళు ఒప్పుకోరు. గట్టిగా అడిగితే అవిశ్వాసం పెడతారు. కుర్చీ పోద్ది.”

“టీ కూడా తెప్పించుకోలేని కుర్చీ ఉంటే ఎంత, పోతే ఎంత?”

ఈసారి నవ్వలేదు. గట్టు మీద కూలబడి కళ్ళజోడు తుడుచుకున్నాడు. మనిషి బాగా నలిగిపోయాడు. జాలేసింది. జాలిపడ్డందుకు నా మీద నాకే విసుగూ వేసింది. రేపు బస్తాలు మోసేది నా భుజమే కదా.

లేచి స్కూటరు స్టార్టు చేసి, “మేం చూస్తాంలేరా,” అన్నాడు. ఆ చేలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు.

“మేం అంటే ఎవర్రా?” అని అరిచాను. బండి చప్పుడులో వినపడిందో లేదో, తల ఊపి వెళ్ళిపోయాడు.

చేను మళ్ళీ పూత మీదుంది. రెండు నెలల్లో మొదటి కోత. నాకూ ఓపిక అయిపోయింది, ఇక అర్జీలు రాయలేను. ఒరేయ్, నీ దగ్గర నేను అడిగేది ఒక్క వాక్యం. ‘నేను వేయిస్తాను’ అను. లేకపోతే ‘నా వల్ల కాదు’ అను. రెండోదైనా సరే, వాగు మీద తాటిమొద్దులు పరుచుకుని నా తిప్పలు నేను పడతాను. నీ మాట నమ్మి ఇన్నాళ్ళూ ఆ పనీ చేయలేదు. ఏది చెప్పినా అందులో నువ్వుండాలి. ముఠా ఆటో వాగు దగ్గరికి వచ్చే లోపల చెప్పు.