కట్ట మీద గుడ్లు

పొద్దున జాడీ మూత తీస్తే దొడ్డుప్పు చెమ్మగిల్లి పచ్చి వాసన కొట్టింది, అంటే సాయంత్రానికి వాన తప్పదు. ఈ సంగతి నాకు నేర్పింది మా అక్కేనని ఒప్పుకోవడానికి డెబ్బై దాటినా నాకు మనసు రాదు.

జమ్మికుంట దగ్గరి మా ఊళ్లో చీమలు గుడ్లు మోసుకుపోయినా, పిచ్చుకలు దుమ్ములో పొర్లాడినా, తూనీగలు నెత్తికి తగిలేంత కిందుగా తిరిగినా అక్క చూసి చెప్పేది, బాపు వినేవాడు. రోహిణి కార్తెలో, ఇల్లంతా మామిడిపళ్ల వాసన నిండిన రోజుల్లో, తీతువు పిట్ట ఎక్కడ గుడ్లు పెట్టిందో చూసి రమ్మని అక్కనే పంపేవాడు. ఎండిన చెరువు నడుమ పెడితే ఆ ఏడు వానలు తక్కువ, జొన్న వేసుకోవాలి. కట్ట మీద పెడితే చెరువు నిండుతుంది, వరినారు పోసుకోవాలి. రెండేళ్లే చిన్నదాన్నైన నేను నీళ్ల చెంబు పట్టుకుని వెనక నడిచేదాన్ని. కుళ్లుతో కడుపు రగిలిపోయేది.

నా తొమ్మిదో ఏట గుడ్లు చెరువు నడుమ కనిపించాయి. ముల్లు గుచ్చుకుందని వెనకబడి, నాలుగింటినీ లంగాలో వేసుకుని కట్ట మీది గడ్డిలో పెట్టేసి ఇంటికి ఉరికాను.

"అక్క తప్పు చూసింది బాపూ! గుడ్లు కట్ట మీదున్నయ్."

బాపు స్వయంగా వచ్చి చూసి, మొదటిసారి నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "చిన్నదానికి సుత కండ్లున్నయ్ గదా!"

చెరువు నడుమ పిట్టలు రెండూ అరుస్తూ తిరుగుతున్నాయి. అక్క ఆ అరుపులు విని, నా ముఖంలోకి ఒక్కసారి చూసింది.

"నేనే సరింగ చూడలే బాపూ," అంది.

నారు పోశాం. వానలు మొహం చాటేశాయి, నారు మడిలోనే ఎండింది. "పిట్టలు సుత అబద్ధమాడవట్టె," అని బాపు గట్టు మీద కూలబడ్డాడు. మళ్లీ ఎప్పుడూ అక్కను చెరువుకు పంపలేదు.

ఆ చెరువులో ఇప్పుడు ఇళ్లు లేచాయి, తీతువు అరుపు విని ఎన్నేళ్లైందో. మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఉప్పు నీరు పట్టిందానే? బట్టలు లోపలేస్కో." ఉండబట్టలేక అడిగేశాను, ఆ రోజు నిజం ఎందుకు చెప్పలేదని.

"బాపు నీ నెత్తి మీద చెయ్యి పెట్టిండు గదనే. ఎట్ల చెప్పాలె?"

బట్టలు తీస్తుండగానే చినుకులు మొదలయ్యాయి. అక్కను చూస్తే నాకు ఇప్పటికీ కుళ్లే.