సందు మూసిన పలక, చాలని ఊపిరి

శనివారం సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసు జరుగుతుండగా నాకు మొదటిసారి ఊపిరి చాలలేదు. కొత్త పాటేమీ కాదు. రెండో చరణంలో ఒక పొడుగాటి పంక్తి ఉంటుంది. చిన్నప్పటి నుంచీ దాన్ని ఒక్క దమ్ములో పాడేవాణ్ణి. ఆ రోజు సగంలోనే ఆగిపోయాను. దగ్గు రాలేదు, గొంతు పట్టలేదు, గాలి అయిపోయింది, అంతే. పక్కన నిలబడిన సాల్మన్ బావ మోచేత్తో పొడిచి, "ఏంది బామ్మర్దీ, చరణం మింగినావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సాల్మన్ బావ మా మేనత్త కొడుకు. మార్కాపురం పక్కన మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇద్దరం కలిసి పలకలకు చెక్క ఫ్రేములు చేసేవాళ్ళం. బడిపిల్లల పలకలు ఇప్పుడు తగ్గాయి గానీ, ఇంటి పేర్లు రాసి గోడకు తగిలించేవి, దుకాణాల్లో ధరలు రాసేవి, చిన్నపిల్లలు దిద్దుకునేవి ఇంకా పోతున్నాయి. బజారులో శెట్టిగారి దుకాణం నుంచి మాకు ఆర్డర్లు వచ్చేవి.

మా నాయన పలకల క్వారీలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఇంటి మెట్లెక్కి ఒక నిమిషం నిలబడితే గానీ మాట రాదు. అందుకే నేను మెకానికల్ డిప్లొమా చేసి, రాయి జోలికి పోకుండా చెక్కపని ఎంచుకున్నాను. టేబుల్ సా కొన్న రోజు నాయన దాని మీద చెయ్యి పెట్టి, "రాయి నా రొమ్ములోకి పోయింది గాని, కట్టె మెత్తన అబ్బయా. నీకేం గాదు" అన్నాడు.

టేబుల్ సా అంటే బల్ల మధ్యలోని చీలికలోంచి పైకి వచ్చి తిరిగే గుండ్రటి రంపం. మిషన్ కంటే దానికి నేను సొంతంగా చేసిన జిగ్గులంటేనే, అంటే కోతకు సాయపడే అమరికలంటేనే, నాకు గర్వం. మొదట వేళ్ళు రంపానికి దూరంగా ఉండేట్టు, కట్టెను నెట్టే పుష్ స్టిక్ చేశాను. తర్వాత స్లెడ్. కట్టెను గట్టిగా పట్టుకొని, నలభై ఐదు డిగ్రీల కోణంలో రంపం మీదికి జరిపే చిన్న బల్ల అది. దాంతో కోస్తే ఫ్రేము నాలుగు మూలలూ వెంట్రుక దూరకుండా కలిసేవి. ఆఖరున జీరో ప్లేట్. మిషన్‌తో వచ్చిన రేకు పలకలో రంపం చుట్టూ సందు ఎక్కువ. చిన్న ముక్కలు అందులో ఇరుక్కొని ఎగిరేవి, కట్టె అంచు చీలేది. ఆ రేకు తీసేసి ప్లైవుడ్ ముక్క బిగించి, తిరుగుతున్న రంపాన్ని కింది నుంచి మెల్లగా పైకి లేపాను. తనకు పట్టేంత చీలిక అదే కోసుకుంది. ఇక సందే లేదు. అంచు అద్దంలా వచ్చింది. శెట్టిగారు వేలితో తడిమి చూసి, "అచ్చులో పోసినట్టుందే" అన్నారు.

ఆయాసం మొదలైంది ఆ తర్వాతే. కానీ ఆ రెంటినీ కలిపి చూడలేదు. ఎందుకంటే షెడ్డులో ఉన్నంతసేపూ బాగానే ఉండేది. రాత్రి అన్నం తిన్నాక ఛాతీ బిగిసేది, పడుకుంటే లోపల పిల్లి కూన ఉన్నట్టు ఈల వినిపించేది, పొడిదగ్గు వచ్చేది. పనే కారణమైతే పనిలోనే రావాలి కదా అన్నది నా లెక్క.

మార్కాపురంలో చూపించుకున్న డాక్టరు గారు మొదట అడిగింది నాయన పని గురించి. క్వారీ అనగానే తల ఊపారు. "ఇంట్లో వాళ్ళ బట్టల మీద వచ్చిన దుమ్ము నువ్వూ పీల్చే ఉంటావు. టీబీ కూడా రూలౌట్ చేద్దాం." ఎక్స్‌రే తీశారు, క్లియర్. కఫం పరీక్ష చేశారు, నెగటివ్. టీబీకే చేసే సీబీనాట్ పరీక్ష కూడా నెగటివ్. రక్తంలో ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు ఎక్కువున్నాయన్నారు. "టీబీ కాదు. ఇన్ఫెక్షన్ అయుంటుంది" అని యాంటీబయాటిక్ కోర్సు రాశారు.

అదే వారం మిషన్ మోటారు కాలిపోయింది. బావ దాన్ని గిద్దలూరు రీవైండింగ్‌కు ఇచ్చి వచ్చాడు. పని లేదు కాబట్టి నేను రాచర్లలో మా అక్క ఇంటికి పోయాను. అక్కడ తెల్లారేదాకా నిద్రపోయాను. మందు భలే పనిచేసిందని డాక్టరు గారికి ఫోన్ చేసి మరీ చెప్పాను. తిరిగొచ్చి మోటారు బిగించి పని మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఈల మళ్ళీ వచ్చింది. "ఇన్ఫెక్షన్ రిలాప్స్ అయింది" అన్నారు. మందు మారింది. మళ్ళీ మారింది.

ఒకరోజు శెట్టిగారు ఫోన్ చేశారు. గొంతులో ఎప్పుడూ ఉండే చనువు లేదు.

"ఆరోగ్యం చూసుకో నాయనా. నయమైనాక రా. ఇవి పిల్లోళ్ళు నోట్లో పెట్టుకునే పలకలు."

"నాకేమైందని శెట్టిగారూ?"

"దాచి ఏం లాభం? మీ బావే చెప్పినాడు టీబీ అని. నేనెవర్నీ అడగలా. ఆర్డరు ఆయన సొంతంగా చేస్తానన్నాడు, వాళ్ళింట్లోనే."

నెగటివ్ రిపోర్టు తీసుకున్న రోజు నాతో పాటు ల్యాబ్ బెంచీ మీద కూర్చున్నది సాల్మన్ బావే. "హమ్మయ్య, గండం గడిచింది" అని టీ తాగించింది కూడా అతనే.

ఆ కోపంలో నేను చేసిన పని, నాకేమీ రోగం లేదని శెట్టిగారికి చూపించడానికి ఒక్కణ్ణే షెడ్డులో కూర్చొని సాయంత్రం దాకా ఫ్రేములు కోయడం. ముఖానికి జేబురుమాలు కట్టుకున్నాను. దీపాలు పెట్టే వేళకు ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోయాను. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతే వేలికి క్లిప్పు పెట్టి, "ఆక్సిజన్ సాచురేషన్ పడిపోతోంది, నెబ్యులైజేషన్ పెట్టండి" అన్నారు. అక్కణ్ణుంచి ఒంగోలు.

ఒంగోలులో నన్ను చూసిన పల్మనాలజిస్టు మేడమ్ ముందు నా ఫైలు పక్కన పెట్టేశారు.

"ఏం చేస్తుంటావు?"

"మెకానికల్ డిప్లొమా మేడమ్."

"చదువు కాదు. చేతులతో ఏం చేస్తావు?"

చెప్పాను.

"పని లేని రోజుల్లో ఎలా ఉంటుంది?"

అప్పుడు రాచర్ల గుర్తొచ్చింది. ఆమె గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీ చేయించారు. ఇన్హేలర్ ఇచ్చి మళ్ళీ ఊదించారు. కొంతకాలం ఇంటి దగ్గర రోజూ పీక్ ఫ్లో మీటర్ ఊదమన్నారు. ఆఖరికి చెప్పారు: "ఇది ఆక్యుపేషనల్ ఆస్తమా. చెక్క నుసి వల్ల. పీల్చిన కొన్ని గంటల తర్వాత రావడం దీని అలవాటు. నువ్వు సెన్సిటైజ్ అయిపోయావు. కొంచెం నుసి తగిలినా ఒళ్ళు ఊరుకోదు. ఆ పనికి మళ్ళీ వెళితే నేనిచ్చే మందులు నిలబడవు."

"మాస్కు పెట్టుకుంటే మేడమ్? గాలి లాగే మిషన్ పెడితే?"

"ముందే పెట్టి ఉంటే బాగుండేది. నీతో పనిచేసేవాళ్ళుంటే వాళ్ళకు చెప్పు."

పడక మీద పడుకొని నుసి దారిని మనసులో గీసుకున్నాను. పాత రేకు పలకకు సందు ఉన్నప్పుడు చాలా నుసి అందులోంచి కిందికి పడేది. ఆ సందు నేనే పూడ్చాను. ఇక రంపం పళ్ళు నుసిని మోసుకొని చుట్టూ తిరిగి పైన, మనిషి వైపు విసురుతాయి. స్లెడ్ బల్ల కింది దారిని ఇంకా మూసేస్తుంది. నా వేళ్ళను కాపాడటానికి, నా అంచు నున్నగా రావడానికి నేను చేసిన జిగ్గులే ప్రతి కోతకూ నా ముక్కు కిందికి నుసి పట్టుకొచ్చాయి. బావ మోసం తెలిసినప్పుడు కోపం వచ్చింది. ఇది తెలిసినప్పుడు కోపం చూపడానికి ఎవరూ లేరు.

ఇంటికొచ్చేసరికి షెడ్డు ఖాళీ. మిషన్ ఇద్దరిదీ కాబట్టి బావ తర్లుపాడులో తన ఇంటి వరండాకు మార్చుకున్నాడు. జిగ్గులు నావి. అవీ పోయాయి. మేడమ్ చెప్పమన్న మాట చెప్పడానికి కాదు, నా స్లెడ్ తెచ్చుకుందామనే అతనింటికి పోయాను.

మాస్కు పెట్టుకొని వాకిట్లో ఆగాను. పొద్దుటి ఎండ ఏటవాలుగా వరండాలో పడుతోంది. బావ స్లెడ్ నెట్టిన ప్రతిసారీ నుసి సన్నటి పొగలా లేచి, తిన్నగా అతని గడ్డం కిందికి పోతోంది. షెడ్డులో ట్యూబులైటు కింద ఇన్నాళ్ళూ నాకు కనపడనిది అదే.

"ఏందిరా, అంత దూరాన నిలబడినావు? రోగం నీకా నాకా?" అని నవ్వాడు.

"నాకు టీబీ లేదని నీకు తెలుసు బావా."

నవ్వు ఆగింది. "ఆర్డరు చెయ్యి జారిపోతాదని అట్ల చెప్పినా. నువ్వేమో మంచం మీద. పిల్లలున్నోణ్ణి, నేనేం జెయ్యాల?"

నుసి సంగతి చెప్పాను. నేను బిగించిన ప్లైవుడ్ పలక తీసెయ్యమన్నాను, ఆ ప్లేటుతో కొయ్యొద్దన్నాను.

"స్లెడ్ కావాల్నంటే అడుగు, ఇస్తా. భయపెట్టి తీసకపోబాక."

"ఇటొచ్చి చూడు. ఎండలో కనపడతాది."

"ఎండలో అంతా అట్లనే కనపడతాదిలే" అని ఇంకో కట్టె పెట్టాడు. నేను వెనక్కి తిరిగాను. గేటు దాకా వచ్చేసరికి మోటారు ఆగింది.

"బామ్మర్దీ... నీకు మొదట్లో కఫం వచ్చేదా, పొడిదగ్గా?"

"పొడిదగ్గే."



"ఒంగోలు పో బావా. నీ దగ్గు సంగతి శెట్టిగారికి నేనేం చెప్పనులే" అన్నాను. స్లెడ్ అడగకుండానే వచ్చేశాను.

అతను ఒంగోలు పోయి చూపించుకున్నాడు. సెన్సిటైజ్ కాకముందే కనిపెట్టారట. ఇప్పుడు పాత రేకు పలక బిగించి, కింద పెట్టె కట్టి గాలి లాగే మిషన్ పెట్టుకొని, మంచి మాస్కుతో కోస్తున్నాడు. కానీ నాకు టీబీ కాదని శెట్టిగారితో ఈ రోజుకీ చెప్పలేదు. ఆ మాట నేనే రిపోర్టు పట్టుకొని పోయి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన దాన్ని చదివి, "సంతోషం నాయనా" అని పక్కకు చూశారు.

నేనిప్పుడు బోరు మోటార్ల రిపేరు షాపులో పనిచేస్తున్నాను. పొద్దున, సాయంత్రం ఇన్హేలర్ తీసుకొని నోరు పుక్కిలిస్తాను. మెట్లెక్కగలను. వడ్రంగి షాపు ఉన్న వీధి తప్పించి తిరిగి పోతాను.

నాలా ఆయాసంతో తిరుగుతున్నవాళ్ళకు ఒక్కటే చెబుతాను. డాక్టరు అడిగినా అడగకపోయినా, మీ చేతులు రోజంతా ఏం పని చేస్తాయో చెప్పండి. పని మానిన రోజుల్లో నిద్ర ఎలా పట్టిందో ముందు అదే చెప్పండి. రాచర్లలో నేను హాయిగా పడుకున్న రాత్రులను మందు గొప్పతనం అనుకున్నాను. అప్పుడే చెప్పి ఉంటే ఇవాళ చెక్క నా చేతిలో ఉండేది.