నాలుగు వేళ్ల దగ్గర ఆగిన గొట్టం

డెయిరీలో అందరూ అతన్ని దూడలాయన అంటారు. పుట్టిన దూడ మూతి తుడవడం నుంచి పాలు మాన్పించేదాకా అతనిదే పూచీ. ఇరవై రెండేళ్లుగా అదే పని. పొగరుబోతు ఆవు కొమ్ము విసిరినా అదరని మనిషి, ఒక గాజు గొట్టానికి హడలిపోయాడంటే నవ్వొస్తుంది గానీ, అది నవ్వే సంగతి కాదు.

మచ్చల ఆవు కవలల్ని ఈనింది. ఒకటి కోడె, ఒకటి పెయ్య. పశువుల డాక్టరమ్మ పెదవి విరిచింది. కడుపులో రెండు దూడల రక్తం కలిసిపోతుందట. కోడె ఒంట్లో ఊరే పదార్థాలు పెయ్యకు పాకి, దాని అండాశయాన్ని ఎదగనివ్వవట. ఇలాంటి పెయ్యల్లో నూటికి తొంభై గొడ్డుబోతులేనని, మూడు వారాలయ్యాక యోనిమార్గంలో గాజు గొట్టం పెట్టి లోతు చూడమని, గొట్టం మీది ఎర్రగీత దాకా లోపలికి వెళ్లకపోతే కబేళాకే పంపాలని చెప్పింది. ఆ సాయంత్రం అన్నం తింటూ దూడలాయన ఈ వింతంతా పిల్లలకు చెప్పాడు. చెబుతూ చెబుతూనే ఎదురుగా కూర్చున్న కూతురి వైపు చూశాడు.

అతని పిల్లలూ కవలలే. కొడుక్కి గొంతు మారి, మీసం మొలుస్తోంది. కూతురికి పదహారు దగ్గరపడుతున్నా ఇంకా పెద్దమనిషి కాలేదు. తల్లి లేని పిల్ల. మేనత్త వచ్చినప్పుడల్లా అడిగేది, ఇతను అవుతుందిలే అని దాటేసేవాడు. ఇప్పుడు దాటెయ్యడానికి లేదు. ఆ రోజు నుంచి పిల్ల నడుస్తుంటే భుజాలు చూశాడు, మాట్లాడుతుంటే గొంతు విన్నాడు. ఏం వెతుకుతున్నాడో తనకే తెలియదు.

మూడు వారాలకు తనే గొట్టం పెట్టాడు. నాలుగు వేళ్ల లోతున ఆగింది. డెయిరీ పుస్తకంలో మాత్రం ఎర్రగీత దాటిందని రాశాడు. దూడ బాగుంటే పిల్లా బాగుంటుందని ఆ క్షణంలో అనిపించింది మరి, పిచ్చి మనసు! అసలు సంగతి తెలిసినవాడు తనొక్కడే కావడంతో భయం రెట్టింపైంది. వారం రోజులు నిద్ర లేదు. చివరికి చేతి తొడుగులు కడుక్కుంటున్న డాక్టరమ్మ ముందుకెళ్లి నిలబడ్డాడు. పిల్ల గురించి అడగాలంటే దూడ గురించి ఒప్పుకోక తప్పదు.

"అబద్ధం రాశానమ్మా. గొట్టం నాలుగు వేళ్ల దగ్గరే ఆగింది. మా అమ్మాయి కూడా వాళ్లన్నతో కలిసే పుట్టింది."

ఆవిడ కుళాయి కట్టేసింది. తిట్టలేదు.

"మనుషుల్లో అలా జరగదయ్యా. ఎవరి మావి వాళ్లదే, రక్తం కలవదు. నీ కొడుకు వల్ల నీ కూతురికి ఏమీ కాలేదు. కానీ ఈ వయసుకి చూపించాల్సిందే. కొందరికి ఆలస్యం అంతే, కొందరికి పుట్టుకతోనే తేడా ఉంటుంది. పరీక్ష చేస్తేగానీ చెప్పలేరు. రేపే తీసుకెళ్లు."

సగం ప్రాణం లేచొచ్చింది, సగం అక్కడే ఉండిపోయింది. ఇంటికొచ్చేసరికి కూతురు బట్టలు మడతపెడుతోంది. రేపు బడి మానెయ్, ఆసుపత్రికి వెళ్దాం అన్నాడు. ఎందుకని ఆ పిల్ల అడగలేదు.

"నెల నుంచి నన్ను దూడని చూసినట్టు చూస్తున్నావు నాన్నా," అంది. "గొడ్డుదైతే పంపించేస్తారని నువ్వే చెప్పావుగా. నాకు ఎంత భయమేసిందో తెలుసా?"

అతను పక్కన కూలబడి పిల్ల తల ఒళ్లోకి తీసుకున్నాడు. డాక్టర్లు ఏం చెప్పినా నువ్వు నా కూతురివే, నిన్నెక్కడికీ పంపను తల్లీ అన్నాడు. అంటూనే ఏడ్చాడు.

పిల్ల కళ్లు తుడుచుకుంది.

"మరి దాన్ని?" అని అడిగింది.