బావ మెడ వెనక హెడ్‌ఫోను

ఇప్పుడంటే చెవిలో శనగ్గింజంత వస్తువు దూర్చుకుని తమలో తాము మాట్లాడుకుంటూ పోయేవాళ్లను చూసి ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు గానీ, ఆ రోజుల్లో చెవి అంటే ఎదుటివాడి మాట వినడానికి దేవుడిచ్చిన వస్తువు. అందులోనూ మా బావ చెవులను దేవుడు ప్రత్యేకంగా నా కోసమే చేశాడని నా నమ్మకం. తొమ్మిదో తరగతిలో బడికి సెలవు పెట్టి (ఆ సెలవు ఇంకా అయిపోలేదు) చిత్తూరులో ఒక మామిడికాయల మండీలో పనికి కుదిరాను. మా అక్క మొగుడే ఈ బావ. అక్కడ కాయల లెక్క ఆయనది. సారికి రెండేసి కాయలు తీసి పెట్టెలో పెడుతూ గట్టిగా లెక్క చెప్పాలి, నూరు కాగానే గుర్తుకు ఒక కాయ పక్కన పెట్టాలి. పెట్టెల్లో వరిగడ్డి పరవడం నా పని. చేతులకే గానీ నోటికి పని లేదు కదా, జోకులు చెప్పేవాణ్ణి. మండీలో ఎవరు నవ్వినా నవ్వకపోయినా బావ నవ్వేవాడు. నాకు అసలు కూలి ఆ నవ్వే.

అలాంటి బావ ఒక ఆదివారం తిరుపతికి పోయి, బస్టాండు బయట ప్లాట్‌ఫారం మీద చవకగా ఒక హెడ్‌ఫోను కొనుక్కొచ్చాడు. నెత్తి మీది నుంచి దిగే రకం కాదు, మెడ వెనక నుంచి వచ్చి కళ్లజోడు కాడల్లా చెవుల మీద కూర్చునే రకం. మా పనివాళ్ల నెత్తిన తలగుడ్డ ఉంటుంది కాబట్టి మాకు ఆ రకమే వీలు. తలగుడ్డ కింద నల్లటి కమ్మీ, రెండు స్పాంజి బిళ్లలు, చొక్కా జేబులోకి దిగిన తీగ. శ్రీహరికోటలో రాకెట్టు వదలడానికి కూర్చున్నవాడిలా ఉన్నాడు.

“బాగుండాదా బావా?” అన్నాను. పలకలేదు. వారమంతా దాచిపెట్టుకున్న కొత్త జోకు ఒకటి తీసి వదిలాను. “నలభై రెండు, నలభై నాలుగు” అన్నాడే తప్ప మూతి కూడా కదల్లేదు.

కడుపు మండిపోయింది. నాకు పోటీగా మనిషెవడైనా వచ్చి ఉంటే వెక్కిరించి వెళ్లగొట్టేవాణ్ణి. ప్లాస్టిక్కును ఏమని వెక్కిరించేది? పైగా అది పెట్టుకున్నాక ఆయన లెక్క ఒక్క కాయ కూడా తప్పలేదు. నాతోపాటు గడ్డి పరిచే అవ్వ, “ఏం తెలివప్పా మీ బావది! ఒక చెవికి పాట, ఒక చెవికి లెక్క. నువ్వూ ఉండావు, నోరు తప్ప ఏముండాది?” అని నా మంటలో నూనె పోసింది.

పది రోజులు ఓర్చుకుని నేనూ తిరుపతి పోయాను. అదే ప్లాట్‌ఫారం, అదే రకం హెడ్‌ఫోను. “మెత్తంగా ఉంటాదప్పా, పెట్టుకున్నట్టే తెలీదు” అన్నాడు అంగడాయన. మా చిన్నాన్నను బతిమాలి తెచ్చుకున్న పాత వాక్‌మన్‌కు తగిలించి బస్సెక్కాను. పూతలపట్టు దాటేసరికి చెవులు పెనం మీద నుంచి తీసినట్టు కాలాయి. సీటుకు ఆనుకుంటే చాలు, వెనక కమ్మీ ముందుకు తోసుకొచ్చి బిళ్లలు రెండూ బుగ్గల మీదికి జారేవి. అందుకని దారి పొడుగునా పీటల మీద పెళ్లికొడుకులా నిటారుగా కూర్చున్నాను. ఇక పాటంటారా, డప్పు చాటలో కందులు చెరిగినట్టుంది, గొంతు పక్కింట్లో జలుబు చేసినవాడిది. తీగను రెండు వేళ్లతో నొక్కి పట్టుకుంటేనే ఎడమ చెవి పలికేది. అయినా తల ఊపుతూనే వచ్చాను. కుళ్లుతో కొన్న వస్తువు బాగాలేదని ఒప్పుకోవడం కంటే చెవులు కోసుకోవడం సులభం.

మరునాడు మండీకి రెండు బండ్ల కాయ ఒకేసారి వచ్చింది. “ఒరే, రెండో బండి లెక్క నువ్వు సూడు” అన్నాడు మండీ సావుకారు. ఇంతకంటే మంచి ముహూర్తం ఏముంది? బావ కంటబడేటట్టు హెడ్‌ఫోను తగిలించి, పాట గట్టిగా పెట్టి, లెక్క మొదలుపెట్టాను. కాసేపటికి లెక్క ఎటో పోయింది, పాట ఒక్కటే మిగిలింది. చరణం మారినప్పుడల్లా గుర్తుకు ఒక కాయ పక్కన పెడుతున్నానని నాకే తెలియదు.

బండి సగం కూడా దిగలేదు, నా పక్కన గుర్తుకాయలే ఒక కుప్ప. ఆ కాయ తెచ్చిన ముసలి రైతు కుప్పను చూసి బెదిరిపోయాడు. “సావుకారూ, ఈ లెక్క నాకొద్దు సామీ. ఇన్ని కాయలు మా తోటలో మూడేండ్లు కలిపినా కాయలేదే!”

“ఏందిరా ఇది?” సావుకారు నా ముందుకొచ్చి అరిచాడు. పెదవులు కదలడం కనబడింది, మాట వినబడలేదు. ఇంకెంతసేపని అడుగుతున్నాడేమో అనుకుని, “ఇంగొక చరణముండాది!” అని మండీ అదిరిపోయేలా చెప్పాను.

అందరూ పడిపడి నవ్వారు. జీవితంలో నేను జోకు వెయ్యకుండా అంత నవ్వు ఎప్పుడూ రాలేదు. బావ ఒక్కడే నవ్వలేదు. వచ్చి నా చెవుల మీద నుంచి అది మెల్లగా తీసేసి, కాయలన్నీ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

పని అయ్యాక టీ అంగడి దగ్గర అడిగాను. “నువ్వెట్ల బావా, పాట ఇనుకుంటా లెక్క తప్పవు?”

బావ జేబులోంచి తీగ బయటికి లాగాడు. దాని చివర ఏమీ లేదు.

“పాట యాడిది? నాకు వాక్‌మనే లేదు. నువ్వు పక్కన జోకులు చెప్తా ఉంటే నగి నగి లెక్క తప్పతా ఉన్నింది. సావుకారు రెండు తూర్లు తిట్టినాడు. నోరు మూసుకోమంటే నీ మొగం సూడలేను. అందుకే నా చెవులు మూసుకున్నట్టు పెట్టుకున్న్యా. ఇంటికి పోతే మీ అక్క చెవులకు కొబ్బరినూనె రాస్తా ఉండాది.”

“అయితే నా జోకులు ఇనలేదా?”

“అన్నీ ఇనినాను బామ్మర్దీ. పండ్లు బిగబట్టుకుని కూసోని, ఇంటికి పొయ్యి నగుకుంటా ఉంటిని.”

బాకీ పడిన కూలంతా ఒక్కసారే చేతికొచ్చినట్టయింది. ఆ సంతోషంలో నన్ను ఇంకాసేపు ఉండనిచ్చుంటే బాగుండేది. కానీ బావ మొదటిసారి జోకు చెప్పే ఉత్సాహంలో ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లకు నా జోకే చెప్పడం మొదలుపెట్టాడు. “మా సావుకారు అతుక్కున్న జంట కాయను కొనేటప్పుడు ఒకటంటాడు, అమ్మేటప్పుడు రెండంటాడు. కూతురు పెండ్లికి మొగుడూ పెండ్లాం కలిసొస్తే ఇద్దరికీ ఒకటే ఇస్తరాకు ఏసినాడంట!” అంతవరకూ నాదే. అక్కడ ఆగి, టీ ఒక గుక్క తాగి, తాపీగా అన్నాడు: “అక్షింతలు మాత్రం ఇద్దరి చేతా ఏపించుకున్నాడంట!”

అంగడి అంగడంతా ఊగిపోయింది. నేను నవ్వలేదు. ఆ చివరి మాట నాది కాదు.

ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆ జోకు చెబుతాను, అక్షింతలతో సహా, మొత్తం నాదే అన్నట్టు. అందరూ నవ్వుతుంటే, తీగను వేళ్లతో నొక్కి పట్టుకుని తల ఊపిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి నాకూ నవ్వొస్తుంది. వాడి మీద జాలేస్తుంది కూడా. అక్షింతల మాట మాత్రం నాకెందుకు తోచలేదా అని, కడుపులో ఒక మూల ఇంకా కాస్త మండుతూనే ఉంటుంది.