గాలి పైపులో తునికాకు

నా బండి ఇంజను కింద ఇప్పుడు ఒక్క చుక్క నూనె కనబడదు. కింద పాత పేపరు పరిచి మర్నాడు చూసినా తెల్లగానే ఉంటుంది. పాతికేళ్ల మోటారు సైకిలు ఇంత పొడిగా ఉండడం చూసి జనం ముచ్చటపడతారు. నాకు మాత్రం ఆ పేపరు చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ ఇంజను పొడిబారేలోపు నేనొక మనిషి కడుపు మీద కొట్టాను. అది చెప్పాలంటే మా ఇంటి వరండా దగ్గర మొదలుపెట్టాలి.

నా భార్య బీడీలు చుడుతుంది. తునికాకు నానబెట్టి, తడి గోనెలో చుట్టి వరండాలో ఓ మూలన పెడుతుంది. నా బండి నిలబెట్టేది కూడా అక్కడే, మాకున్న నీడ అంతే మరి. పాత ఇంజన్లకు కింద ఒక రబ్బరు గొట్టం వేలాడుతుంటుంది. లోపల పుట్టే గాలి, ఆవిరి దాంట్లోంచి బయటికి పోతాయి. మేం గాలి పైపు అంటాం. దాని కొస నుంచి ఎప్పుడో ఒక చుక్క నూనె రాలుతుంది. అది జబ్బేమీ కాదు, ఆ బండి తీరే అంత. కానీ ఒక ఎండాకాలం ఆ చుక్క పోయి గోనె మీద పడింది. ఆకుకు నూనె వాసన పట్టింది. కార్ఖానాలో బీడీల కట్ట ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మొత్తం పక్కన పారేశారు. ఆమె రెండు రోజులు నడుం విరగ్గొట్టుకుని చేసిన పని మట్టిపాలైంది.

"నీ బండిని బయట పెడ్తవా, నన్ను బయట పెడ్తవా? రెండిట్ల ఏదో ఒకటి చెయ్యి," అంది.

నేను తెలివిగలవాణ్ని కదా! మోటారు సామాన్ల దుకాణంలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను కదా! ఆమె దగ్గరే రెండు మంచి ఆకులు అడిగి తీసుకున్నాను. బిగించి బిరడాలా చుట్టి, ఆమె బీడీలకు కట్టే దారమే దాని చుట్టూ పదిసార్లు తిప్పి ముడేశాను. గాలి పైపులో దూర్చి, సైకిలు పుల్లతో జానెడు లోపలికి నెట్టాను. బయటికి చూస్తే పైపు మామూలుగానే ఉంది. చుక్క ఆగిపోయింది. ఆమె ముందు మీసం మెలేశాను.

వారం తిరగలేదు, ఇంజను పైభాగాన నూనె చెమ్మ మొదలైంది. ఈ రెంటికీ సంబంధం ఉందేమోనన్న ఆలోచన నా బుర్రకు రానే లేదు. పాత బండి, ప్యాకింగు పోయి ఉంటుందనుకున్నాను. ఇంజను ముక్కల మధ్య వేసే అట్టను మేం ప్యాకింగు అంటాం.

మా దుకాణం బాన్సువాడ బస్టాండుకు దగ్గర్లో ఉంటుంది. మా పక్కనే ఖాళీగా పడున్న రేకుల షెడ్డును ఆ ఏడే ఒకతను కిరాయికి తీసుకున్నాడు. పిట్లం వైపు లంబాడీ తండా అతనిది. పన్నెండేళ్లు బోధన్‌లో వేరేవాళ్ల చేతి కింద మెకానిక్‌గా పనిచేసి, చివరికి సొంతంగా పెట్టుకున్నాడు. షెడ్డు తెరిచిన రోజు నా దగ్గరికొచ్చి మిఠాయి పెట్టాడు. ఇంట్లో వాళ్ల భాష, బయట మన తెలుగు, రెండూ తడుముకోకుండా మాట్లాడేవాడు.

"అన్న, నీ దుకాణంకాడికి అందరు బండ్లోల్లే వస్తరు. నాలుగు మంచి మాటలు చెప్పు. గీ షెడ్డు నిలవడ్డదా, నేను నిలవడ్డట్టే. లేకుంటె మల్ల ఒకని చేతికింద పోవుడే," అన్నాడు.

చెబుతానన్నాను. నా మాటకు విలువుంది. నట్లకో బేరింగులకో వచ్చిన ప్రతివాడూ పనిలో పనిగా, "అన్నా, బండి ఎక్కడ చేపియ్యాలె?" అని నన్నే అడుగుతాడు. మొదటి నెలలో పదిమందినైనా పక్కకు పంపి ఉంటాను. నా బండీ అతనికే ఇచ్చాను.

అతను పనిచేసే తీరు ఎంతో శుభ్రంగా ఉండేది. ముందు ఇంజనంతా కిరసనాయిలుతో కడిగాడు. గుడ్డతో తుడిచి ఎండలో ఆరబెట్టాడు. తర్వాత ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీసి ఇంజను మీద పలచగా చల్లాడు. బండి స్టార్ట్ చేసి, పక్కన గొంతుకూర్చుని కన్నార్పకుండా చూశాడు. తెల్లటి పౌడరు మీద పైమూత అంచున సన్నటి నల్లగీత దిగింది. "గదే దొంగ," అన్నాడు నవ్వుతూ. ఆ ప్యాకింగు మార్చాడు. పది రోజులు బాగానే ఉంది. పదకొండో రోజు పక్కమూత నుంచి కారింది. అదీ మార్చాడు. తర్వాత కిక్కు రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు సీలు. ఒకచోట మూస్తే ఇంకోచోట నుంచి తన్నుకొచ్చింది.

మూడోసారి బండి ముందు చాలాసేపు కూర్చున్నాడు. షెడ్డులో ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

"అన్న, గీ గాలి పైపుకు ఏమన్న చేసినవా?"

అడిగినప్పుడు నాకు ఆకు గుర్తొచ్చింది. గుర్తు రాలేదని చెబితే ఇంకో అబద్ధం అవుతుంది. ఆ ఆకుకూ ఈ కారడానికీ లంకె ఉందని మాత్రం అప్పుడూ తట్టలేదు. అంతమంది ముందు, ఇరవై ఏళ్లు సామాన్లు అమ్మినవాణ్ని, బండికి బీడీ ఆకు బిరడా పెట్టానని చెప్పుకోవాలా? నిన్నగాక మొన్న షెడ్డు పెట్టినవాడు నన్ను నిలదీయడమా? కోపం నా ముక్కు మీదే ఉంటుంది.

"నేనెందుకు ముడ్తనయ్యా? తెల్వకుంటె తెల్వదని చెప్పు, నా మీదికి నూకకు," అన్నాను.

అతను ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. "సరే అన్న. నువ్వు చెప్పినంక ఇగ దాన్ని పీకి చూసుడెందుకు," అని మళ్లీ పానా అందుకున్నాడు. సీలు మార్చాడు. ఆ తర్వాత గొలుసు వైపున్న సీలు కూడా మార్చి, రెండు చేతులతో బండి తోసుకొచ్చి నా ముందు నిలబెట్టాడు.

ఆ వారమే బిచ్కుందలో మా చుట్టాల పెళ్లి. తెల్ల ప్యాంటు వేసుకుని బయల్దేరాను. దిగి చూసుకుంటే ఎడమ కాలు మోకాలి దాకా నల్ల నూనె. పెళ్లి పందిట్లో మా బావ ఒకడు నవ్వి, "ఏంది బావా, ఇంజన్ల పండి వచ్చినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. భోజనం కూడా చేయలేదు. అట్నుంచి అటే షెడ్డుకొచ్చి, బండికి స్టాండైనా వేయకుండా అరుపులు మొదలుపెట్టాను.

"పానా పట్టుకున్నోడల్ల మెకానికేనా? ఎవడు నేర్పిండ్రా నీకు పని? పో, తండాకు పోయి బర్లు కాసుకో! ఇంకోపారి నీ చేతికి బండి ఇస్తె నా చెప్పుతోటి నన్ను నేనె కొట్టుకుంట!"

టీ కొట్టు దగ్గరున్నవాళ్లంతా లేచి వచ్చారు. అతను చేతిలో గుడ్డ నలుపుతూ నిలబడ్డాడు. "బండి ఇడిసిపెట్టు అన్న. మల్లొకపారి ఇప్పి చూస్త," అన్నాడు. తండా మాట విన్నాక అతని ముఖం మారింది. అయినా గొంతు లేవలేదు. ఆ పూట అతను నా మీదికి తిరగబడి ఉంటే నాకు ఇప్పుడు ఇంత బరువు ఉండేది కాదేమో.

అంతటితో ఊరుకున్నానా? లేదు. ఆ రోజు నుంచి ఎవరు ఏ బోల్టుకు వచ్చినా ఆ పాటే. "పక్క షెడ్డుల ఇయ్యకుండ్రి. నాలుగుసార్లు ఇప్పిండు, నాలుగుసార్లు కారింది." అది నిజమే. నిజమే కాబట్టి అందరూ నమ్మారు. వానలు పోయేసరికి షెడ్డు ముందు బండ్లు తగ్గాయి. బతుకమ్మ ఆడే రోజులకు పొద్దంతా ఒక్క బండీ ఆగకుండా గడిచేది. అతను గడప మీద కూర్చుని, కడిగిన పానాలనే మళ్లీ కడుగుతుండేవాడు. దసరా అయిన మూడో రోజు మా కౌంటరు దగ్గరికొచ్చాడు.

"పోతున్న అన్న," అన్నాడు.

నేను బేరింగుల డబ్బాలోంచి తల ఎత్తలేదు. వెళ్లిపోయాడు. అతని పేరు రాసిన రేకు బోర్డును చెరుకు రసం బండివాడు తీసుకుని, వెనక్కి తిప్పి నీడకు కట్టుకున్నాడు.

దీపావళి వెళ్లాక ఒక ఆదివారం పొద్దున, ఈ దొంగను నేనే పడతానని పంతం పట్టి కూర్చున్నాను. అతను చేసినట్టే చేశాను. కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, నా భార్య పౌడరు డబ్బా సగం ఖాళీ చేశాను. బండి స్టార్ట్ చేశాను. ఒకచోట కాదు, నాలుగు చోట్ల ఒకేసారి నల్లగీతలు దిగాయి. గుడ్లప్పగించి చూశాను. నూనె ఎంతుందో చూద్దామని పోసే మూత తిప్పాను, ఇంజను ఆపకుండానే. సైకిలు ట్యూబు పిన్ను ఊడినట్టు లోపలి నుంచి గాలి తన్నుకొచ్చింది. మూత వదులుగానే ఉంచాను. చూస్తుండగానే నాలుగు గీతలూ దిగకుండా ఆగిపోయాయి.

అప్పుడు తట్టింది నాకు. గాలి పైపు ఊడదీసి, కొక్కెం పెట్టి లాగాను. నల్లగా, నూనెలో నాని ఉబ్బిన తునికాకు బయటికొచ్చింది. దాని చుట్టూ దారం, నేను వేసిన ముడి వేసినట్టే ఉంది. లోపలి గాలికి పోయే దారి నేను మూసేస్తే, అది నూనెను ఎక్కడ సందు దొరికితే అక్కడ నుంచి తోసింది. ఎన్ని ప్యాకింగులు మారిస్తే మాత్రం ఏం లాభం? పైపు మళ్లీ తగిలించి, ఎప్పుడో రాలే ఆ చుక్క కోసం కొస కింద మూతలేని చిన్న సీసా కట్టాను.

నా భార్య చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఇదంతా చూస్తోంది. ఆకు చూపించాను. పైపు గురించి అతను అడిగిన సంగతి, నేను చెప్పిన జవాబు అప్పుడే మొదటిసారి ఆమెకు చెప్పాను. కత్తెర పక్కన పెట్టింది.

"ఆకు నాదే, దారం నాదే. అబద్ధం ఒక్కటే నీది," అంది. మళ్లీ కత్తెర అందుకుంది.

అతను వరికోత మిషన్ మీద పనిచేస్తున్నాడని తెలిసి, పిట్లం దాటి వెతుక్కుంటూ పోయాను. పొలంలో మిషన్ కింద వెల్లకిలా పడుకుని ఏదో బిగిస్తున్నాడు. నన్ను చూసి బయటికొచ్చాడు. దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా మర్చిపోయి, ఉన్నది ఉన్నట్టు కక్కేశాను. ఆకు, దారం, సైకిలు పుల్ల, అబద్ధం, అన్నీ.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. అతను గుడ్డతో చెయ్యి శుభ్రంగా తుడుచుకుని, గట్టు మీదున్న నా బండి దగ్గరికి నడిచాడు. గొంతుకూర్చున్నాడు. పైమూత అంచున వేలు రాశాడు. తర్వాత పక్కమూత, కిక్కు రాడ్డు, గొలుసు వైపు. వేలు ఎత్తి చూసుకున్నాడు. పొడిగా ఉంది.

"ఇవన్ని నేనేసినయేనా అన్న? నడిమిట్ల ఎవనికన్న చూపిచ్చినవా?"

"నువ్వేసినయే. ఎవరు ముట్టలే."

"మంచిగనే ఉన్నయి గద."

"మంచిగున్నయి తమ్మి."

"గంతే అన్న. గిన్ని దినాలు నాకు గదే ఫికరుండె. నా చేతులల్లనే ఏమన్న ఖరాబున్నదేమో అని." ఆ చేతుల్నే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

మళ్లీ రమ్మన్నాను. షెడ్డు ఖాళీగానే ఉందన్నాను. వచ్చిన ప్రతివాడికీ నా తప్పు నేనే చెబుతానన్నాను. "సామాను అమ్మేసిన అన్న. ఇగ దేనితోటి పెట్టాలె?" అన్నాడు. అంతలో మిషన్ మీద నుంచి డ్రైవరు కేకేస్తే, మళ్లీ దాని కిందికి దూరాడు. తెల్ల ప్యాంటు పాడైనందుకు ఊరంతా వినేలా అరిచినవాణ్ని, నా తప్పు మాత్రం ఎవరికీ వినబడకుండా పొలం గట్టు మీద ఒప్పుకుని వచ్చాను.

అందుకే అడిగినవాళ్లకల్లా చెబుదామని గట్టిగా అనుకున్నాను. మొన్న ఒకాయన నట్లకొచ్చి, మా దుకాణం ముందున్న నా ఇంజను చూసి ఆగిపోయాడు.

"ఎంత పొడిగున్నది అన్న! ఎవలు చేసిండ్రు?"

"గీ పక్క షెడ్డుల ఉండె. మూసేసి పోయిండు."

"అయ్యో, గింత మంచిగ చేసెటోడు ఎందుకు మూసిండు?"

"నేనే మూపిచ్చిన," అన్నాను.

ఆయన వేళాకోళమనుకుని పెద్దగా నవ్వి నా భుజం తట్టాడు. నట్లు పొట్లం కట్టించుకుని వెళ్లిపోయాడు.